మిద్దె మీద పోసిన మన్ను

మొన్న మిర్యాలగూడలో మా మనవరాలు తలకు తువ్వాలు చుట్టుకుని, ఫోనును పిట్టగోడకు ఆనించి పెట్టుకుని, అందులో ఎవరో చెబుతున్నట్టల్లా ఇంటి స్లాబు మీద తెల్లటి మందేదో బ్రష్షుతో పూస్తోంది. కిందటి వానాకాలం హాలులో ఒక మూల కారింది. మేస్త్రీని పిలిస్తే రేపు, ఎల్లుండి అంటూ తిప్పాడు. దానికి పట్టుదల వచ్చింది. రెండు ఆదివారాలకు సగం స్లాబు అయింది. మిగిలిన సగం వచ్చే ఆదివారమట. నేను తొంభై దాటినదాన్ని, అయినా మెట్లు పట్టుకుని పైకి ఎక్కి కుర్చీలో కూచున్నాను. "అమ్మమ్మా, మన ఇల్లు మనమే బాగు చేసుకుంటే ఆ తృప్తే వేరే. మీ కాలంల గిట్ల సొంతంగ చేసుకునేటోళ్ళా?" అని అడిగింది. చేసుకున్నాం అన్నాను. ఒక్కసారే చేసుకున్నాం. ఆ ముచ్చట చెప్పమని అది బ్రష్షు పక్కన పెట్టింది గానీ, నేను చెప్పకుండానే మెట్లు దిగి వచ్చేశాను. అందుకే రాస్తున్నాను.

నాది కోదాడ. మా పుట్టింటిది పెంకుటిల్లు. పదిహేనో ఏట పెళ్ళయి, సూర్యాపేట నుంచి గరిడేపల్లి వెళ్ళే దారిలో ఉన్న ఒక ఊరికి కోడలినై వచ్చాను. మామగారు ఆ ఊరి పట్వారీ. బండి దిగి తల ఎత్తి చూస్తే అత్తవారింటి మీద గడ్డి మొలిచి ఉంది. నాకు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. మా నాన్న నన్ను ఎటువంటి ఇంట్లో పడేశాడు, ఇంటి కప్పు మీద గొడ్లు మేసేటట్టున్నాయే అనుకున్నాను. అది మట్టి మిద్దె అని, పెద్ద దూలాలు వేసి, వాటి మీద కట్టెలు పరిచి, కంప, గడ్డి కప్పి, ఆ పైన జానెడు మందాన మన్ను పోస్తారని, ఆ మన్నే వానను ఆపుతుందని తర్వాత తెలిసింది. తెలిసినా నమ్మలేదు. మన్ను వానను ఆపడమేమిటి? మా వైపు వాన పడితే మన్ను కరిగి కాలువలో పోతుంది. నేను ఆ మాట అంటే మా అత్తగారు "మీ కోదాడోళ్ళు సగం ఆంధ్రోళ్ళు, మీకు మిద్దెల సంగతి ఏం ఎరుక" అని నవ్వేది. ఆమె మాట దురుసే కానీ మనసులో ఏదీ ఉంచుకోదు. అప్పటికి నలభై కూడా లేవు ఆమెకు.

మిద్దె సంగతి ఆమెకు మాత్రం ఏం తెలుసు? అది మాకు ఆ ఎండాకాలమే తేలింది. నైజాం రాజ్యం పోయిన మరుసటి ఎండాకాలం అది. అంతకు ముందు గొడవల్లో ఇంటిల్లిపాదీ కోదాడకు వచ్చి తల దాచుకున్నందువల్ల రెండేళ్ళు మిద్దె మీద కొత్త మన్ను పడలేదు. లోపలి అర్రలో కప్పు నుంచి పొద్దస్తమానం సన్నగా మట్టి రాలుతుండేది. అన్నం తింటుంటే విస్తట్లో పడేది. అటు చూస్తే మా ఆడబిడ్డ నిండు నెలలతో మిర్యాలగూడ నుంచి పురిటికి వస్తోంది. ఆమె పుట్టింది ఆ అర్రలోనే, ఆమె అన్న, అంటే మావారు, పుట్టింది కూడా ఆ అర్రలోనే. ఆ ఇంట్లో పురుడంటే ఆ అర్రే. కాబట్టి మిరుగం వానలు, అంటే మృగశిర కార్తె వానలు, దిగేలోగా ఆ అర్ర కప్పు బాగుపడాలి. మామగారు వాడకు కబురు పంపారు. ఎన్ని తరాలుగానో అలాగే పంపేవారు. ఊరి చివర వాడ నుంచి పదిమంది వచ్చి, వెట్టికి, అంటే కూలీ నాలీ లేకుండా, మిద్దె మీద మన్ను పోసి వెళ్ళేవాళ్ళు. ఈసారి కబురు తీసుకెళ్ళిన మనిషి ఒక్కడే తిరిగొచ్చాడు. "రారట దొరా. వెట్టి లేదట ఇగ" అన్నాడు. మామగారు ఆ మాట అర్థం కానట్టు రెండుసార్లు చెప్పించుకున్నారు. అత్తగారు గుమ్మంలో కూలబడి, "రారా? మరి మన్ను ఎవలు పోస్తరు?" అంది. ఎవరో చచ్చిపోయారని విన్నదానిలా ఉంది ఆమె ముఖం.

మూడు రోజులు వాడ నుంచి ఎవరైనా వస్తారేమోనని చూశారు. నాలుగో రోజు మామగారు పంచె ఎగ్గట్టి, "మనమే పోసుకుందాం. మన్ను పోసుడు కూడ ఒక ఇల్మా, నేర్సుకునే విద్యా?" అన్నారు. నేను నోరెళ్ళబెట్టాను. ఆయన స్నానానికి నీళ్ళు ఆయన తోడుకోగా నేనెన్నడూ చూడలేదు. దస్తరం కట్ట విప్పాలన్నా ఎవరో ఒకరు దగ్గరుండాలి. అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏ మన్ను పొయ్యాలో ఆ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మన్ను కిందే బతికారు. అది ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ ఏనాడూ అడగలేదు. "ఎప్పటికి పోసేది తెల్లగుంటుండె" అంది అత్తగారు, తనకే నమ్మకం లేనట్టు. మావారు వాగు ఒడ్డున తెల్లటి చౌడు మన్ను ఉంటుందని, చాకలివాళ్ళు బట్టలకు వాడతారని, అదేమోనని సందేహం వెలిబుచ్చారు. మామగారికి ఒళ్ళు మండింది. చౌడు భూమిని ఊరి భూముల లెక్క రాసే పహాణీలో ఆయన చేత్తో ఆయనే "నాకాబిల్" అని రాస్తారు, అంటే దేనికీ పనికిరానిదని. "సర్కారు శిస్తు కూడ ఎయ్యని మన్ను అది. నాకాబిల్ అని రాసిన చేత్తోనే తెచ్చి నెత్తి మీద పోసుకుంటనా? తెల్లగుంటుండె అంటే ఎండకు తెల్లబడ్డది" అని తేల్చేశారు. ఊరి మొత్తం మీద ఎక్కువ శిస్తు పలికే నల్లరేగడి మన్ను, అదీ తన సొంత చేనులోది, పొయ్యాలని నిర్ణయించారు. పట్వారీకి భూమి మంచిచెడ్డలు శిస్తును బట్టే తెలుస్తాయి మరి. ఆయన చెప్పిన తీరు చూస్తే అది సబబుగానే తోచింది నాకు.

ఆ పదిరోజులూ తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మావారికి బండి తోలడం రాదు. ఎడ్లు ఆయన్ను తీసుకెళ్ళిన చోటికి వెళ్ళి, అక్కడి నుంచి నడిపించుకుంటూ తెచ్చేవారు. మొదటి రోజే మామగారి అరచేతులు బొబ్బలెక్కాయి. వాటికి వెన్న రాసుకుని, మర్నాడు పార పట్టుకుంటే జారిపోయింది. అత్తగారూ నేనూ గంపలెత్తాం. ఊళ్ళోవాళ్ళు ఏదో పని ఉన్నట్టు మా ఇంటి ముందు నుంచి రెండేసి సార్లు వెళ్ళేవాళ్ళు. ఒక ముసలాయన అయితే ఏ పనీ లేదని ఒప్పుకుని ఎదురింటి అరుగు మీద కూచుని చూశాడు. పాత మన్ను తీసి కొత్తది పొయ్యాలని కూడా మాకు తెలియదు. ఉన్నదాని మీదే పోశాం. మన్ను ఎంత ఎక్కువైతే అంత మంచిదని మామగారు ఇంకో రెండు బండ్లు తెప్పించారు. అంతా అయ్యాక మిద్దె నల్లగా, నున్నగా నిగనిగలాడింది. ఆడబిడ్డ వచ్చి, బండిలోంచే తల ఎత్తి చూసి, "నాయినా, నువ్వే పోసినవా?" అని ముక్కున వేలేసుకుంది. ఆయన అంత సంతోషపడగా నేను మళ్ళీ చూడలేదు.

ఆమె వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం మిరుగం కన్నా ముందే పెద్ద వాన. సాయంత్రం దాకా కురిసింది. మామగారు అర్రలో చేతులు వెనక్కి కట్టుకుని తిరుగుతూ, "ఒక్క సుక్క కారుతున్నదా సూడుండ్రి" అని అందరికీ చూపించారు. నిజమే, ఒక్క చుక్క కూడా కారలేదు. ఆ రేగడి మన్ను పడిన నీరంతా తాగి లోపలే ఉంచుకుంది. మర్నాడు పొద్దున ఆడబిడ్డ అర్రలో మంచం మీద పడుకుని ఉంది. నేను వంటింటి గడపలో మామిడికాయ కోస్తున్నాను. ఆ వాసనకు ఆమె లేచి వచ్చి, నా పక్కన చతికిలబడి, ఒక ముక్క ఉప్పులో అద్దుకుంది. అది నోట్లో పెట్టుకోలేదు ఇంకా. లోపల కిర్రుమని ఒక చప్పుడు, ఆ వెంటనే భూమి అదిరింది. దుమ్ముతో ఇల్లంతా చీకటైంది. దుమ్ము తగ్గాక చూస్తే అర్రకు కప్పు లేదు. ఆకాశం కనిపిస్తోంది. దూలం నడుమకు విరిగి ఉంది, దాని కింద మంచం రెండు ముక్కలైంది. ఆడబిడ్డ చేతిలో మామిడి ముక్క అలాగే ఉంది. మామగారు ఆ నల్లమట్టి కుప్ప ముందు నిలబడిపోయారు.

ఆ పూటే అత్తగారు నన్ను వెంటబెట్టుకుని వాడకు నడిచింది. పట్వారీ భార్య కాలినడకన వాడకు పోవడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. పిల్లలు మా వెనకే వచ్చారు. ఏటా మిద్దె పని చేయించేది అక్కడ ఒక ఆవిడ. ఆమెదీ అత్తగారి వయసే. తర్వాత నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే రాస్తాను. అక్క గుడిసె ముందు కూచుని జొన్నలు చెరుగుతోంది. మమ్మల్ని చూసింది గానీ లేవలేదు. అత్తగారు నిలబడే ఉంది.

"ఏంది దొరసాని, గింత దూరం వచ్చినవ్?"

"మిద్దె కూలింది. పిల్లకు నెలలు నిండినయ్. నువ్వొచ్చి పొయ్యాలె."

"వెట్టికా, కూలికా?"

అత్తగారు మెల్లగా, "కూలికే" అంది.

"అయితె పొద్దుగాల వస్త. కని నేనొక్కదాన్నే. మావోళ్ళు చెలుకల పనికి పోయిండ్రు, ఆల్లను పిలువ. మోసుడు, తొక్కుడు మీరే చెయ్యాలె. నేను సెప్పినట్టు ఇనాలె" అని చేటలో జొన్నలు ఎగరేసింది.

పొద్దున వచ్చి, కూలిన మన్ను చేతిలోకి తీసుకుని నలిపి చూసి, పడీపడీ నవ్వింది. "రేగడి పోసిండ్రా? ఏందట, మిద్దె మీద పత్తి పెడ్తరా?" మామగారు తల దించుకున్నారు. ఇక అక్కడి నుంచి ఆమె రాజ్యమే. కొట్టంలో ఉన్న పాత దూలం దించి వడ్రంగి వడ్లాయన చేత సరిచేయించింది. మిగిలిన గదుల మీది రేగడి మొత్తం గీకించింది. వాగు ఒడ్డుకు మమ్మల్ని తోలుకుపోయి, రెండు మూడు చోట్ల మన్ను చిటికెడు తీసి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసింది. ఒక చోట ఆగి, "ఇది" అంది. చౌడే! ఉప్పదనం ఎట్లుండాలో తెలియాలని మామగారి చేత కూడా రుచి చూపించింది. నాకాబిల్ జమీను మన్ను ఆయన నాలుక మీద పెట్టుకుని నిలబడితే, నేను నవ్వు ఆపుకోలేక చెట్టు చాటుకు పోయాను. తడి తగిలితే ఆ మన్ను బిగుసుకుని పైన పడ్డ నీటిని జారగొడుతుందట. ఆ ఇంట్లో మొదటిసారి ఆ రహస్యం చెప్పిన మనిషి ఆమె. ఇంకొకటి కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. ఆ అర్ర కప్పు వేసిన మనిషి ఆ అర్రలో ఏనాడూ కాలు పెట్టలేదు. కప్పు పనివాళ్ళు బయటి నిచ్చెన మీది నుంచే ఎక్కి, బయటికే దిగిపోవాలి. ఇప్పుడు గోడల మధ్య నిలబడి, "ఓ, లోపల గింతేనా?" అంది.

ఆరోనాడు ఇంకా మూడో వంతు మిగిలి ఉండగా ఆడబిడ్డకు నొప్పులు మొదలయ్యాయి. వసారాలో పడుకోబెట్టి మంత్రసానిని పిలిపించారు. దక్షిణాన మబ్బు నల్లగా లేస్తోంది. మామగారూ మావారూ కింది నుంచి గంపలు అందిస్తున్నారు. పైన అక్క మన్ను పరుస్తోంది, నేను తొక్కుతున్నాను. అత్తగారు ఒక కాలు వసారాలో, ఒక కాలు నిచ్చెన మీద అన్నట్టు తిరుగుతోంది. నాలుగోసారో, ఐదోసారో గంప నెత్తిన పెట్టుకుని పైకొచ్చి, ఏడుపు గొంతుతో, "జర జల్ది కానియ్యే. నా మనుమడు నెత్తి మీద మిద్దె లేకుంట పుట్టాల్నా?" అంది.

అక్క తల ఎత్తలేదు. మన్ను సర్దుతూనే, "నా పెద్దపిలగాడు పుట్టింది గీ మిద్దె మీదనే దొరసాని. వానికేడిది మిద్దె? మిద్దె మీద మిద్దె ఉంటదా?" అంది.

వినడానికి పరాచికంలా ఉంది. నేను నవ్వబోయి ఆగాను. "ఎప్పుడు?" అంది అత్తగారు.

"నీ బిడ్డ పుట్టిన్నాడే. నువ్వు కింద, నేను మీద. నొప్పులు వస్తున్నయంటే మీ మామ దిగనియ్యలే. మిరుగం ముంగటున్నది, ఇయ్యాల ఖతం కావాలె అన్నడు. అగో, గా మూలకు పుట్టిండు. ఎండ సంపుతున్నది. గంప బోర్లిచ్చి దాని కింద పండవెట్టిన. పొద్దుగూకినంక దిగనిచ్చిండ్రు. అప్పటికి లేడు."

నేను తొక్కుతున్న కాళ్ళు ఆగిపోయాయి. ఆమె చూపించిన మూలలోనే నేను నిలబడి ఉన్నాను. అక్కడి నుంచి కదలాలో, కదలకూడదో తెలియలేదు. కింద గంప అందిస్తున్న మామగారి చేతులు కూడా గాలిలో అలాగే ఉండిపోయాయి. ఆయన కూడా విన్నారు.

అత్తగారు నెత్తి మీద గంప దించలేదు. మన్ను ఆమె ముఖం మీదికి సన్నగా జారుతోంది. "ఆ ఏడుపు నేను ఇన్న" అంది. "మీద ఎవరి పోరడో ఏడుస్తున్నడు, నాకు నిద్ర పడ్తలేదు, ఆ సప్పుడు ఆపియ్యుండ్రని నేనే సెప్పి పంపిన."

"ఎరుకే" అంది అక్క. "ఆ మాట మీదికి వచ్చింది."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా నేను తట్టుకునేదాన్నేమో. "మన్ను ఆరుతున్నది. కుమ్మరియ్యి" అంది. అత్తగారు గంప కుమ్మరించింది. నాకు తొక్కమని సైగ చేసింది అక్క. తొక్కాను. ఏడుస్తూ తొక్కాను. చివరి గంప పడేసరికి తొలి చినుకులు మొదలయ్యాయి. ఆడబిడ్డను ఎత్తుకుని అర్రలోకి మార్చారు. వాన దంచి కొట్టింది. కప్పు నుంచి ఒక్క చుక్క కారలేదు, నీళ్ళన్నీ మట్టి గొట్టంలోంచి ధారగా బయటికి దూకాయి. ఆ వానలోనే మగపిల్లవాడు పుట్టాడు.

మంత్రసాని కడిగి ఇచ్చిన పిల్లవాణ్ణి అత్తగారు మామగారికి చూపించలేదు. పాత చీర ముక్కలో చుట్టుకుని తిన్నగా వసారాలోకి వచ్చింది. అక్క చూరు కింద కాళ్ళు కడుక్కుంటోంది. అత్తగారు బిడ్డను రెండు చేతులతో ఆమె ముందుకు చాచింది. ఆ పసివాణ్ణి ఆమె చేతుల్లో పెడితే ఏదో తీరుతుందని ఆశపడిందనుకుంటాను. నేనూ ఆశపడ్డాను. అక్క వంగి చూసింది. చేతులు చాచలేదు. "మంచిగున్నడు. లోపటికి తీస్కపో, జల్లు కొడ్తది" అంది. కూలి తీసుకుని, తలమీద గోనెసంచి కప్పుకుని వానలోనే వెళ్ళిపోయింది. అత్తగారు బిడ్డను అలాగే చాచి పట్టుకుని నిలబడితే, మంత్రసాని వచ్చి తీసుకెళ్ళింది.

తర్వాత ప్రతి ఏడూ మిరుగానికి ముందు అక్క కూలికి వచ్చేది. అత్తగారు ఆమెతో పాటు మిద్దె ఎక్కి, ఎవరు వద్దన్నా వినకుండా, గంపలు తానే మోసేది. మోకాళ్ళు పట్టేసి నిచ్చెన ఎక్కలేని స్థితి వచ్చేదాకా మోసింది. ఇద్దరూ పని మాటలు తప్ప వేరే మాట్లాడుకోగా నేను వినలేదు. ఆ మూలలో మన్ను మాత్రం అత్తగారు ఎవరినీ తొక్కనిచ్చేది కాదు. వంగి చేత్తోనే సర్దేది.

మా ఆడబిడ్డ నాలుగేళ్ళ కిందట మిర్యాలగూడలో పోయింది. పిల్లలు, మనవలు, ముని మనవలు, ఇల్లు నిండా జనం. ఆ వానలో పుట్టిన కొడుకే, ఇప్పుడు తల నెరిసిన ముసలివాడు, కొరివి పెట్టాడు. పదోరోజున ఎవరో ఆమె వయసెంతని నన్ను అడిగారు. ఎనభై తొమ్మిదని చెప్పాను. నిండు జీవితమన్నారు అందరూ. నేను లేచి పెరట్లోకి వెళ్ళాను. ఆమె పుట్టిన రోజే, ఆ పూటే, ఆమెకు పైన ఐదారు మూరల ఎత్తులో పుట్టినవాడికి ఒక్క పగలు దక్కింది. కాలం అందరికీ ఒకేలా నడుస్తుందని అంటారు గానీ, ఆ మిద్దె కింద నడిచినట్టు మీద నడవలేదు.